ప్రశ్న తర్వాత ఒక గుక్క కాఫీ

మా ఊరి కమ్యూనిటీ ఛానల్‌లో శనివారం పొద్దున ఒక గంటసేపు తెలుగు వినిపిస్తుంది. ఇంకా బడిలో చేరని పిల్లల కోసం మేము తయారుచేసే గంట అది. మిషిగన్‌లో, ట్రాయ్ చుట్టుపక్కల ఉన్న తెలుగు ఇళ్ళలో ఆ వేళకి పాలగ్లాసులు టీవీ ముందుకి చేరతాయి. ఈమధ్య ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర ఒక తల్లి నన్ను ఆపి, "ఆంటీ, ఇదెలా మొదలైందో ఎక్కడైనా రాసిపెట్టండి. మావాడు పెద్దయ్యాక చూపిస్తాను" అంది. రాసిపెట్టడం నాకు కొత్త కాదు. కాలేజీలో చేరినప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది. వాతావరణం, వంట, ఆఫీసు, ఇంటికి వచ్చినవాళ్ళు, అన్నీ అందులో ఉంటాయి. ఆ డైరీలు పక్కన పెట్టుకుని, జరిగింది జరిగినట్టు వరసగా చెబుతాను.

ముందు నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దాని మీదే ఆధారపడింది. నేను కారు సీట్లని పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. సీటు ఎలా ఉందని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. అందుకని మేము అడిగేవాళ్ళం కాదు. మనిషిని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఊరికే చూసేవాళ్ళం. ఎప్పుడు నడుము కదిపాడు, ఎప్పుడు కాలు మార్చుకున్నాడు, అదే మాకు జవాబు. ఈ పద్ధతి నా జీవితంలో బాగా ఇంకిపోయింది. భోజనానికి వచ్చినవాళ్ళు పప్పు బాగుందన్నా నేను వాళ్ళ కంచంలోకే చూస్తానని మా ఆయన వెక్కిరిస్తారు.

ఈ కథ మా మనవరాలితో మొదలైంది. మా అబ్బాయి కూతురు. అప్పటికి దానికి మూడేళ్ళు నిండాయి. తల్లిదండ్రులు ఆఫీసులకి వెళితే పగలంతా మా దగ్గర ఉండేది. పొద్దున్నే టీవీలో పిల్లల కార్యక్రమాలు పెట్టేవాళ్ళం. వాటిలో ఒకామె తెర మీదికి వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగేది. అడిగి ఆగేది. మా పిల్ల సోఫా మీద నిలబడి జవాబు అరిచేది. ఆమె విన్నట్టే తల ఊపి మెచ్చుకునేది. అదే పిల్లని నేను తెలుగులో పాలు తాగావా అని అడిగితే "యా" అనేసి వెళ్ళిపోయేది. నాకు ఆ టీవీ మనిషి మీద అసూయగా ఉందని ఆరోజు డైరీలో రాసుకున్నాను. రాసుకున్నాక, అసూయపడి ఏం లాభం, తెలుగులో అలా అడిగే మనిషిని టీవీలోకి ఎక్కిస్తే పోలేదా అనిపించింది.

మా ఆయనతో అంటే, "ఏమోయ్, కాఫీ పెట్టమంటే కాఫీతోట వేస్తానంటున్నావు" అన్నారు. అని, మర్నాడు నాతోపాటు ఆయనే కారెక్కారు.

మా ఊరి ఛానల్‌కి లైబ్రరీ భవనంలో ఒక పక్కన చిన్న స్టూడియో ఉంది. ఊళ్ళో ఉండేవాళ్ళెవరైనా కెమెరా నేర్చుకుని సొంత కార్యక్రమం చేసుకోవచ్చు. అక్కడ కార్యక్రమాల వేళలు చూసే అమెరికన్ ఆవిడ మేము చెప్పిందంతా విని, శనివారం పొద్దున గంట ఖాళీగా ఉందని చెప్పింది. కానీ ఒక షరతు పెట్టింది. వేసవి సెలవులు మొదలయ్యేదాకా ఆ గంట మాది. అప్పుడు ఆవిడా, ఛానల్ కమిటీ సభ్యులు ఇద్దరూ వచ్చి, పిల్లలతో కలిసి కూర్చుని కార్యక్రమం చూస్తారు. పిల్లలు నిజంగా అందులో పాల్గొంటే గంట మాకే ఉంటుంది. లేకపోతే అదే గంట కోసం ఇంకొకాయన ఎదురుచూస్తున్నారు. చలికాలంలో సరస్సు గడ్డకడితే మంచుకి కన్నం పెట్టి చేపలు ఎలా పట్టాలో ఆయన చూపిస్తారట.

"పెద్దవాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాస్తే చాలదా?" అని మా ఆయన అడిగారు.

"పెద్దవాళ్ళు మర్యాదకి మెచ్చుకుంటారు. మూడేళ్ళ పిల్లలకి ఆ మర్యాద ఇంకా అలవాటై ఉండదు" అందావిడ. ఈమె మా ల్యాబ్‌లో ఉండాల్సిన మనిషి అనుకున్నాను.

యాంకర్‌గా ఒక అమ్మాయి దొరికింది. కరీంనగర్ వైపు నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన పిల్ల. మా వీధి చివర ఇంట్లో నలుగురితో కలిసి ఉండేది. వినాయక చవితి నాడు మా ఇంటి నిండా ఉన్న పిల్లలని ఒక్క దుప్పటితో ఆడించడం చూశాను. అది గుడారమైంది, పడవైంది, ఏనుగైంది. పిల్లలు ఆమెని అక్కా అనేవారు. కార్యక్రమంలోనూ ఆమె పేరు అక్కే. ఆమె పల్లీ అంటుంది, మా ఆయన వేరుశెనక్కాయ అంటారు. రెండూ ఉండనిచ్చాము. మా పిల్లలకి రెండు తెలుగులూ కావాలి.

మా ఆయన సంగతి నేను ఊహించనిది. ఆఫీసు మీటింగుల్లో పెదవి విప్పని మనిషని పేరు. అటువంటాయన తన పాత గోధుమరంగు స్వెట్టర్ చేయి కత్తిరించి, సీసాలు కడిగే బ్రష్షుని తోకగా కుట్టి, ఉడుతని తయారుచేశారు. చేతికి అది తొడుక్కున్నారంటే ఇక మాటల ప్రవాహమే. ఇంట్లో నాతో చెప్పలేని మాటలు కూడా ఉడుతతో చెప్పించేవారు. "ఉప్పు తక్కువైందని తాతయ్య అంటున్నాడు, నేను కాదు" అనేది ఉడుత.

గంటని ముక్కలుగా విభజించాము. అక్క ఆట, వంటింట్లో దోసెల ముక్క, ఉడుత, చివర బొమ్మలతో కథ. మొదటి శనివారం ప్రసారం అయిపోగానే ఫోన్లు ఆగలేదు. అద్భుతం అన్నారు, ఏడుపొచ్చింది అన్నారు, మన పిల్లలకి ఇదే కావాలి అన్నారు. ఫోన్ చేసినవాళ్ళందరూ పెద్దవాళ్ళే. మా మనవరాలు మటుకు రెండో ముక్క సగంలో దిగి వెళ్ళి, కార్పెట్ మీద ప్లాస్టిక్ ఇటుకలతో ఇల్లు కట్టుకుంటోంది. అంటే నడుము కదిపింది. ల్యాబ్ భాషలో ఈ సీటు పనికిరాదు.

కారణం తెలుసుకోవాలి. తెలిసినవాళ్ళ ఇళ్ళలో, వాళ్ళని అడిగి, టీవీ పక్కన ఒక ఫోన్ నిలబెట్టి పిల్లల వైపు తిప్పి రికార్డ్ చేశాను. ఇంటికి తెచ్చుకుని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెర మీద అక్క, "ఈ డబ్బా ఏం రంగు? ఎరుపు! అవును, ఎరుపు!" అంటోంది. తనే అడుగుతోంది, తనే చెబుతోంది, తనే మెచ్చుకుంటోంది. ఉడుత అయితే ప్రశ్న పూర్తికాకుండానే జవాబు చెప్పేస్తోంది. ఇక ఇళ్ళలో, సోఫాల్లో కూర్చున్న అమ్మమ్మలూ తాతయ్యలూ, "చెప్పమ్మా, ఎరుపు అని చెప్పు, ఎరుపు!" పిల్లలు నోరు తెరుస్తారు, అప్పటికే జవాబు గదంతా నిండిపోయి ఉంటుంది. మళ్ళీ మూసుకుంటారు.

ఇది మనవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు అనుకుంటాను. మన ఇళ్ళలో పిల్లల్ని అడిగే ప్రశ్న నిజానికి పక్కనున్న పెద్దల కోసం. చుట్టాలొస్తే "పాట పాడు నాన్నా" అంటాం, మొదటి చరణం మనమే ఎత్తుకుంటాం. ప్రశ్న అడిగాక ఎవరూ మాట్లాడకపోతే అడిగినవాళ్ళకి అవమానం జరిగిపోతుందేమోనని మనకి కంగారు. దాన్ని వెంటనే ఎవరో ఒకరు పూడ్చేయాలి. ప్రేమతోనే పూడ్చేస్తాం.

ఆ ఆదివారం మా డైనింగ్ టేబుల్ దగ్గర అక్కనీ మా ఆయననీ కూర్చోబెట్టి రికార్డింగులు చూపించాను.

"అడిగినంక ఆగాల్నా ఆంటీ? ఊకె కెమెరాను చూసుకుంట నిలబడాల్నా?" అంది అక్క.

"నిలబడాలి."

"గుండె దడదడ అంటది. వైవాలో కూసున్నట్టు."

"అక్కడ కెమెరా ఉందనుకోకు. ఊళ్ళో మీ అక్క కొడుకు ఉన్నాడే, వాడున్నాడనుకో. వాడు నత్తి నత్తిగా ఏదో చెబుతున్నాడు. విను."

"వాడు చెప్పేసరికి పొద్దుగూకుతది" అని నవ్వింది. కానీ అర్థమైంది. అప్పటినుంచి ప్రశ్న అడిగి, తల కొంచెం పక్కకి వంచి, నిజంగానే వినేది.

మా ఆయన ఒప్పుకోలేదు. "ఉడుత ఎక్కడైనా నోరు మూసుకుని ఉంటుందా?"

"మన ఇంటి వెనక చెక్కల డెక్ మీదికి వచ్చే ఉడుత నన్ను చూడగానే ఏం చేస్తుంది? ముందుకాళ్ళు ఎత్తి, కదలకుండా ఆగిపోతుంది కదండీ. మీరూ అలా ఆగండి."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి డెక్ వైపు చాలాసేపు చూశారు. మర్నాడు షూటింగులో ఉడుత ప్రశ్న అడిగి, చేతులు గుండెల దగ్గర పెట్టుకుని, తోక కూడా కదపకుండా ఆగిపోయింది. కెమెరా వెనక ఉన్న నాకే జవాబు చెప్పాలనిపించింది.

ఆ ఎపిసోడ్ వచ్చిన శనివారం మళ్ళీ ఫోన్లు. ఈసారి అభినందనలు కాదు. "ఆంటీ, మీ ప్రోగ్రామ్ మధ్యలో స్టక్ అయిపోతోంది." "సిగ్నల్ పోయిందనుకుని కేబుల్ బాక్స్ ఆఫ్ చేసి ఆన్ చేశాం, అంతలో అయిపోయింది." మా ఉడుత ఆగింది, యంత్రం కాదు అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చాను. కొందరు నమ్మారు.

ఆగడం తెర మీద కుదిరింది. సోఫాల్లో కుదరలేదు. సోఫాల్లో కుదరకపోతే పిల్లలు నోరు విప్పరు, వేసవికి గంట చేపలాయనకి వెళ్ళిపోతుంది. అదే సమయంలో మా కోడలి నాన్నగారు గుంటూరు నుంచి వచ్చారు. హైస్కూల్లో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైనాయన. మనిషి వెన్నపూస. కాని ఎక్కడ ప్రశ్న వినబడినా జవాబు ఆయన నోట్లోంచి రావలసిందే. జీపీఎస్ "రీరూటింగ్" అంటే దానికి కూడా దారి చెప్పేవారు.

శనివారం మా ఇంటికొచ్చి ఆయనా మనవరాలూ పక్కపక్కన కూర్చున్నారు. దోసెల ముక్కలో అక్క పెనం మీద చిన్న దోసె వేసి, "ఇది ఏ ఆకారం?" అని అడిగి తల వంచింది.

"గుండ్రం!" అన్నారాయన.

"తాతా, యూ డోంట్ చెప్పు! నేను చెప్తా!" అంది మనవరాలు.

"చెప్పు బంగారం, ఎవరొద్దన్నారు? గుండ్రం అను."

పిల్ల సోఫా దిగిపోయింది.

నేను మెల్లగా అన్నాను. "అన్నయ్యగారూ, అక్క అడిగినప్పుడు మీరు కాస్త మాట్లాడకుండా ఉంటే దానికి చోటు దొరుకుతుంది."

ఆయన ముఖం చిన్నబోయింది. "అలాగేనమ్మా. బడిలో నేను అందరినీ నోరు మూసుకోమన్నాను. ఇప్పుడు నా వంతు వచ్చినట్టుంది." తర్వాత మా ఆయన వైపు తిరిగారు. "మీ ఉడుతకి మాట్లాడే హక్కు ఉంది, నాకు లేదన్నమాట బావగారూ."

"దానికీ లేదు బావగారూ. మొన్నటి నుంచి నా చెయ్యి కూడా మీ చెల్లెమ్మ చెప్పినట్టే ఆడుతోంది" అన్నారు మా ఆయన. నవ్వించాలని చూశారు కానీ వియ్యంకుడుగారు నవ్వలేదు. తర్వాతి శనివారం ఆయన టీవీ దగ్గరికి రాలేదు. కింద మా బేస్‌మెంట్‌లో కూర్చుని పేపరు చదువుకున్నారు. ఆ పై శనివారమూ అంతే. నేను రెండుసార్లు పిలిచి, ఇక పిలవడం మానేశాను.

ఆయన్ని పైకి తెచ్చింది మనవరాలు. "తాతా, కమ్ నా, ఉడత ఈజ్ స్టార్టింగ్!" అని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. ఆయన చేతిలో అప్పుడే నేనిచ్చిన కాఫీ గ్లాసు ఉంది. కూర్చుంటూ ఒక గుక్క తీసుకున్నారు. కాఫీ బాగా వేడిగా ఉంది. మింగలేక బుగ్గలో పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే తెర మీద ఉడుత, "నా మఫ్లర్ ఎవరు తీసుకున్నారు?" అని అడిగి, చేతులు ముడుచుకుని ఆగిపోయింది.

ఆయనకి జవాబు తెలుసు. కళ్ళు పెద్దవయ్యాయి, చెయ్యి లేచింది. నోట్లో కాఫీ ఉంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మనవరాలు ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది, ఎక్కడినుంచీ సాయం రాలేదు. అప్పుడు టీవీ వైపు తిరిగి, నెమ్మదిగా, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ, "అక్క... అక్క వేసుకుంది. మెడకి. చూడు, ఉడతా!" అంది.

ఆయన కాఫీ మింగి నా వైపు తిరిగారు. "చెల్లెమ్మా, పూర్తి వాక్యం."

"విన్నాను అన్నయ్యగారూ."

"నేను మాట్లాడి ఉంటే రెండు ముక్కలు చెప్పి ఊరుకునేది కదూ?"

ఆయన గ్లాసు వైపు చూసుకున్నారు. తర్వాతి ప్రశ్నకి ముందే, ఎవరూ చెప్పకుండా, ఇంకో గుక్క తీసుకుని బుగ్గలు నింపుకున్నారు. కార్యక్రమం అయ్యేసరికి గ్లాసు ఖాళీ. పిల్ల మాత్రం చివరి కథ దాకా సోఫా దిగలేదు. ఆరోజు డైరీలో ఒకే వాక్యం రాశాను. సీటు పనికొచ్చింది.

ఆ తర్వాత ప్రచారమంతా ఆయనే చేశారు. గుళ్ళో, పార్కులో నడిచేచోట, పుట్టినరోజుల్లో, కనబడిన అమ్మమ్మకీ తాతయ్యకీ చెప్పేవారు. "ప్రశ్న వినగానే ఒక గుక్క. పిల్ల చెప్పేదాకా మింగకూడదు. నేను చేశాను, నాకే సాధ్యమైంది, మీకెందుకు కాదు?" హెడ్‌మాస్టరు చెప్పే పద్ధతి వేరు. నేను చెబితే కోపగించుకున్నవాళ్ళు ఆయన చెబితే విన్నారు. కొత్త రికార్డింగుల్లో సోఫాల నిండా బుగ్గలు ఉబ్బి ఉన్న పెద్దలూ, వాళ్ళ ముందు నోరు తెరిచిన పిల్లలూ కనబడ్డారు. మొదట ఆ ఉబ్బిన బుగ్గలు చూసి పిల్లలు నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు.

చివరికి కమిటీ వచ్చే రోజు వచ్చింది. లైబ్రరీలో పిల్లల గది. ఒక గోడకి పెద్ద టీవీ, ముందు చాపల మీద పిల్లలు, వాళ్ళ వెనక కుర్చీల్లో తాతయ్యలూ అమ్మమ్మలూ. ఛానల్ ఆవిడా, కమిటీ సభ్యులిద్దరూ పక్కగోడ దగ్గర కూర్చున్నారు. మా ఆయన పెద్ద ఫ్లాస్క్ నిండా కాఫీ, కాగితం కప్పులు పట్టుకుని వచ్చారు. తలుపు మీద బోర్డు చూసి అక్కడే ఆగిపోయారు. కార్పెట్ గదిలోకి కాఫీ, తినుబండారాలు తేకూడదు.

"ఆంటీ, ఇప్పుడెట్ల?" అక్క నా చెయ్యి పట్టుకుంది. "కాఫీ లేకుంటె వీళ్ళు ఆగుతరా? గడియ కూడ ఆగరు."

నాకూ అదే భయం. ఇన్ని వారాల పనీ ఆ తలుపు దగ్గర ఒలికిపోయినట్టనిపించింది. బోర్డు అంతా చదివింది మా వియ్యంకుడుగారు. "మూత ఉన్న సీసాలో నీళ్ళు తీసుకెళ్ళొచ్చని కింద రాసి ఉందమ్మా. సూచనలు చివరిదాకా చదవాలని పిల్లలకి చెప్పినవాణ్ణి." అని, అందరినీ వాళ్ళ కార్లకి పంపించి నీళ్ళ సీసాలు తెప్పించారు. కుర్చీల వరస పక్కన నిలబడి, బడిలో ప్రార్థన ముందు నిలబడ్డట్టు అందరినీ ఒకసారి చూశారు. "నా సీసా లేస్తే మీ సీసాలు లేవాలి. నాది దిగేదాకా ఎవరిదీ దిగకూడదు."

"మాస్టారూ, దగ్గొస్తే?" అని ఒక బామ్మగారు అడిగింది.

"తర్వాత దగ్గండి."

కార్యక్రమం మొదలైంది. ఆరోజు ఎపిసోడ్‌లో ఉడుత తన వేరుశెనక్కాయని దాచిపెట్టి ఎక్కడ దాచిందో మరిచిపోతుంది. బుట్ట, చెంబు, చలిటోపీ, మూడు ఉంటాయి. దాచేటప్పుడు పిల్లలు చూస్తారు. అక్క అడిగింది. "పల్లీ ఏడ దాచింది ఉడుత?" తల వంచింది.

మాస్టారి సీసా లేచింది. వరసలో సీసాలన్నీ లేచాయి. పక్కగోడ దగ్గరున్న ముగ్గురూ తల తిప్పి, ఇంతమంది పెద్దవాళ్ళు ఒకేసారి నీళ్ళు తాగడం వింతగా చూశారు.

పిల్లలు మాట్లాడలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా. కొత్త గది, కొత్త మనుషులు. మా మనవరాలు వెనక్కి తిరిగి తాత వైపు చూసింది. ఆయన బుగ్గలు నిండి ఉన్నాయి, కళ్ళు నేల మీద ఉన్నాయి. నా గొంతు దాకా "టోపీ" అన్న మాట వచ్చి ఆగింది. నా చేతిలో సీసా లేదు, నేను కార్యక్రమం చేసే మనిషిని కదా అని తెచ్చుకోలేదు. పెదవి పంటి కింద పెట్టుకున్నాను. తెర మీద ఆగే సమయం అయిపోయింది. ఉడుత కదిలి, "బుట్టలో చూస్తానుండు" అని బుట్ట ఎత్తింది. అక్కడ లేదు. "మరెక్కడ?" అని మళ్ళీ ఆగింది.

మళ్ళీ సీసాలు లేచాయి. చాప చివర కూర్చున్న బుల్లివాడు, అందరికన్నా చిన్నవాడు, వేలు చూపించి, "అక్కడ కాదు!" అన్నాడు.

"టోపీ కింద!" అని మా మనవరాలు లేచి నిలబడింది.

"నో, చెంబులో ఉంది! నేను చూశా!" అన్నాడు ఇంకో పిల్లవాడు.

"కాదు, టోపీ! టోపీ!"

"చెంబే! ఉడతా, చెంబులో చూడు!"

పిల్లలు రెండు జట్లయ్యారు. చాపలు చెదిరాయి. ఉడుత చెంబులోకి తొంగిచూసి ఖాళీ అని తల అడ్డంగా ఊపింది. "చెప్పానా!" అని మా మనవరాలు చేతులు నడుముకి పెట్టుకుంది. చెంబువాడు ఊరుకోలేదు. "అయితే టోపీ తియ్యి, తియ్యి, త్వరగా!" అని ఉడుతని తొందరపెట్టాడు. టోపీ లేచేసరికి గది దద్దరిల్లింది. పక్కనే ఉన్న పుస్తకాల గది నుంచి ఒకాయన తలుపు తెరిచి చూసి వెళ్ళాడు. వెనక వరసలో బామ్మగారి దగ్గు అప్పుడు బయటపడింది.

అయిపోయాక ఛానల్ ఆవిడ నా దగ్గరికి వచ్చింది. ఆవిడ ఇంగ్లీషులో అన్నదాన్ని తెలుగులో చెబితే ఇది. "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ వాళ్ళు వాదించుకున్నారు. పిల్లలు టీవీకి జవాబు చెప్పడం చాలాసార్లు చూశాను. టీవీ చూస్తూ ఒకరితో ఒకరు వాదించుకోవడం ఎప్పుడోగానీ చూడలేదు." తర్వాత కమిటీ సభ్యులతో గుసగుసలాడింది. తిరిగి వచ్చి, గంట మాదేనని చెప్పింది. చేపలాయనకి సాయంత్రం ఇస్తారట, అది ఆయనకీ ఇష్టమేనట. వెళ్ళబోతూ ఒక ప్రశ్న అడిగింది. "ఆ నీళ్ళు ఏమిటి? ఏదైనా ఆచారమా?"

"ఇప్పటినుంచి ఆచారమే" అన్నాను.

మా ఆయన కార్ పార్కింగులో ఫ్లాస్క్ మూత తీశారు. ఎండలో నిలబడి అందరం కాగితం కప్పుల్లో కాఫీ తాగాము. ఈసారి ఎవరూ నోట్లో పట్టుకోలేదు, మాట్లాడుతూనే తాగారు. మాస్టారైతే అప్పటిదాకా ఆపుకున్న జవాబులన్నీ చెప్పేశారు. "మొదటే తెలుసు నాకు, టోపీ కింద! ఎంత కష్టపడ్డానో తెలుసా చెల్లెమ్మా, నాలిక మీదికి వచ్చేసింది!"

కొత్త ఎపిసోడ్లు మొదలుపెట్టేముందు ఒక ఆలోచన వచ్చింది. ప్రతి ఇంటికీ మాస్టారు వెళ్ళలేరు. ఇంకో రెండు వారాల్లో ఆయన గుంటూరు వెళ్ళిపోతారు. ఆయన్నే తెర మీదికి తెస్తే? అక్క ప్రశ్న అడిగినప్పుడల్లా తెర మూలన ఒక తాతయ్య, గ్లాసెత్తి గుక్క పట్టుకుని కనబడతారు. ఆయన్ని చూసి ఇంట్లో పెద్దలకి గుర్తొస్తుంది.

షూటింగుకి ఆయన ఇస్త్రీ పంచె, ఉత్తరీయం వేసుకుని వచ్చారు. అక్క కుర్చీలో కూర్చోబెట్టి, "అంకుల్, మీరేం మాట్లాడొద్దు" అంది.

"తెలుసమ్మా. ఈ వేషానికి డైలాగుల్లేవు."

"మింగొద్దు గూడ."

"అది నాకు నువ్వు నేర్పుతావా?"

నిజమైన కాఫీ కావాలని పట్టుబట్టారు. ఫ్లాస్కులు రెండు ఖాళీ అయ్యాయి. చివరి షాట్ అయ్యాక, "నా సర్వీసులో ఇంత నిశ్శబ్దంగా ఇంత బాగా ఏ పాఠమూ చెప్పలేదు" అన్నారు. మర్నాడు డైరీలో ఆ మాట రాసుకున్నాను. నేను సీట్లు పరీక్షించిన కార్లు ఈ దేశంలో ఇంకా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. వాటిని చూస్తే గర్వంగానే ఉంటుంది. అయినా, ఏం చేశావని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ గంట గురించే చెబుతాను.

మా మనవరాలు ఇప్పుడు బడికి వెళుతోంది. అది మా గంట వయసు దాటిపోయింది. శనివారం పొద్దున దాని తమ్ముడు వస్తాడు. వాడు ఏదైనా నిదానంగా చేసే రకం. తెర మీది అక్క ఎమ్మెస్ పూర్తిచేసుకుని ఉద్యోగంలో చేరింది, కార్యక్రమం మాత్రం వదల్లేదు. ఉడుత తోక ఒకసారి మార్చాము. తాతయ్య షాట్లు అవే, ఇప్పటికీ వాడుతున్నాం. ఊళ్ళో పిల్లలు ఆయన్ని కాఫీ తాత అంటారు.

ఈరోజు శనివారం. కొంతసేపటి క్రితం అక్క తెర మీద ఒక గొడుగు చూపించి, బయట ఏం జరుగుతోందని అడిగింది. మూలన కాఫీ తాత గ్లాసెత్తారు. నేనూ ఎత్తాను, పక్కన మా ఆయనా ఎత్తారు. మా మనవడు నోరు తెరిచాడు, మూశాడు, కిటికీ వైపు చూశాడు. అక్క తల పక్కకి వంచి వింటోంది. నా నోట్లో కాఫీ చల్లారిపోతోంది. వాడు మళ్ళీ నోరు తెరిచాడు. నేను మింగలేదు.